సమ ఉజ్జీల లెక్క

‘హ్యాండీక్యాప్’ అన్న మాట తెలుగు ఇళ్లలోకి ఎక్కువగా దరఖాస్తు ఫారాల మీదుగా వచ్చింది. ఉద్యోగ ప్రకటనల్లో ‘ఫిజికల్లీ హ్యాండీక్యాప్డ్’ అని, కుదించి ‘పీహెచ్ కోటా’ అని ఏళ్ల తరబడి చదివాం. ఆ మాటలో చిన్నచూపు ధ్వనిస్తుందని ఇప్పుడు చట్టాల భాష దాన్ని పక్కన పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే సంక్షేమ శాఖే ‘విభిన్న ప్రతిభావంతుల’ పేరుతో నడుస్తోంది. గోల్ఫ్ క్లబ్బులో మాత్రం అదే మాటకు ఇంకో జీవితం ఉంది. అక్కడ ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే పేర్లు చెప్పుకున్నాక అడిగే మొదటి ప్రశ్న ‘మీ హ్యాండీక్యాప్ ఎంత?’ అనే. జవాబు చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు. ‘ఆరు’ అన్నవాడు కాస్త గర్వంగా చెబుతాడు, ‘ఇరవై నాలుగు’ అన్నవాడు నవ్వుతూ చెబుతాడు. ఈ అంకెను బయటివాళ్లు రెండు రకాలుగా అపార్థం చేసుకుంటారు. కొందరికి అది ఆటగాడి లోపం, మరికొందరికి చేతగానివాడి మీద జాలితో ఇచ్చే రాయితీ. నిజానికి అది ఒక కొలత. ఎక్కువ తక్కువలున్న ఇద్దరి మధ్య ఆటను ఉత్తుత్తి ఆటగా కాకుండా అసలైన పోటీగా నిలబెట్టే కొలత. ఆ పని అది ఎలా చేస్తుందో, ఎంతవరకు చేయగలదో చూస్తే న్యాయమైన పోటీ గురించి మనకున్న కొన్ని అభిప్రాయాలను కూడా సరిచూసుకోవచ్చు.

ఈ మాటకు మూలం 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో వస్తువులు మార్చుకునే ఒక జూదం. రెండు వస్తువుల విలువలో తేడా ఎంతో మధ్యవర్తి తేల్చేవాడు. ఆడేవాళ్లు పందెం డబ్బుతో టోపీలో చెయ్యి పెట్టి, ఆ తీర్పు సమ్మతమో కాదో తెలిపేవారు. టోపీలో చెయ్యి అన్న మాటల కలయికే హ్యాండీక్యాప్ అయింది. లండన్ దినచర్యలు రాసుకున్న శామ్యూల్ పీప్స్ 1660లోనే ఈ ఆటను ప్రస్తావించాడు. తర్వాత ఆ మాట గుర్రప్పందాలకు పాకింది. మేలైన గుర్రం మీద అదనపు బరువు పెట్టి మిగతావాటితో సమం చేయడం అక్కడి పద్ధతి. ఆస్ట్రేలియాలో 1861 నుంచి జరుగుతున్న మెల్బోర్న్ కప్ ఇలాంటి పందెమే. ఫార్ ల్యాప్ అనే గుర్రం 1930లో 62.5 కిలోల బరువుతో ఆ కప్పు గెలిచింది. మరుసటి ఏడు దాని మీద 68 కిలోలు పెట్టారు, ఎనిమిదో స్థానంలో వచ్చింది. గోల్ఫ్ ఈ మాటను 19వ శతాబ్దంలో పందేల నుంచి తీసుకుంది. శారీరక వైకల్యం అన్న అర్థం ఆ తర్వాత, 20వ శతాబ్దంలో స్థిరపడింది. అంటే మనకు బాగా తెలిసిన అర్థమే అన్నిటికంటే కొత్తది. పాత అర్థంలో భారం పడేది బలవంతుడి మీద.

ఆటలో తేడాను సర్దుకోవాలన్న ఆలోచన మాత్రం ఆ మాటకంటే ముందే గోల్ఫ్‌లో ఉంది. ఎడిన్‌బరోలో వైద్యం చదువుకుంటున్న థామస్ కిన్‌కెయిడ్ 1687లోనే తన డైరీలో, తక్కువ ఆటగాడికి వెసులుబాటు ఏ రూపంలో ఇవ్వాలన్నది చర్చించాడు. అప్పట్లో ఇదంతా బేరం. మూడు హోల్స్‌కు ఒక స్ట్రోక్ (ఒక దెబ్బ మినహాయింపు) ఇస్తావా, హోలు విడిచి హోలుకు ఒకటి ఇస్తావా అని మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టే చోట, మాట్లాడుకునేవారు. బేరంలో నోరున్నవాడిదే పైచేయి. ఆ బేరాన్ని లెక్కగా మార్చడమే ఆ తర్వాతి చరిత్ర. బ్రిటన్‌లో 1893లో ఏర్పడిన లేడీస్ గోల్ఫ్ యూనియన్, ఇసెట్ పియర్సన్ చొరవతో, క్లబ్బుకో పద్ధతిగా ఉన్న హ్యాండీక్యాప్‌ను మహిళలందరికీ ఒక్కటి చేసే పనికి పూనుకుంది. అమెరికా గోల్ఫ్ సంఘం 1911లో తన పద్ధతిని తెచ్చింది. చివరికి 2020లో ప్రపంచవ్యాప్తంగా ఉన్న ఆరు వేర్వేరు పద్ధతులను కలిపి అమెరికా గోల్ఫ్ సంఘం, సెయింట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏ సంస్థ ‘వరల్డ్ హ్యాండీక్యాప్ సిస్టమ్’ను అమల్లోకి తెచ్చాయి. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ ద్వారా మన దేశమూ అదే పద్ధతిలో ఉంది. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన ఆడేవాడి అంకె, టెక్సాస్‌లో స్థిరపడ్డ అతని అన్నయ్య అంకె ఇప్పుడు ఒకే సూత్రంతో వస్తాయి.

ఇంత పకడ్బందీ లెక్క గోల్ఫ్‌కే ఎందుకు కుదిరింది? కబడ్డీలో రైడర్ బలం ఎదుటి డిఫెండర్లను బట్టి తేలుతుంది. క్రికెట్‌లో బ్యాటర్ పరుగులు బౌలర్‌ను బట్టి ఉంటాయి. గోల్ఫ్‌లో నా బంతిని ఎదుటివాడు ఆపడు. 18 హోల్స్, ప్రతి హోల్‌కూ నేర్పరి తీసుకోవాల్సిన స్ట్రోకుల సంఖ్య, అంటే పార్, ముందే నిర్ణయమై ఉంటాయి. మొత్తం కోర్సుకు అది తరచుగా 72 ఉంటుంది. నేను ఎన్ని స్ట్రోకుల్లో ముగించానన్నది నాకూ ఆ నేలకూ మధ్య వ్యవహారం. అందువల్ల ఎవరి స్కోరు వాళ్లదిగా విడిగా తేలుతుంది, ఎవరితోనైనా పోల్చడానికి పనికొస్తుంది. స్ట్రోకులు ఎంత తక్కువైతే ఆట అంత మేలు, ఆ మొత్తంలోంచి తీసేసే స్ట్రోకుల సంఖ్యే హ్యాండీక్యాప్. అది సున్నా ఉన్నవాణ్ని స్క్రాచ్ ఆటగాడు అంటారు. సున్నా కంటే మెరుగైనవాడి అంకెకు ముందు ప్లస్ గుర్తు పెడతారు. అతను స్ట్రోకులు పుచ్చుకోడు, తన స్కోరుకు తిరిగి కలుపుకుంటాడు. కొత్తగా నేర్చుకునేవారికి గరిష్ఠ పరిమితి 54. అంటే హోల్‌కు మూడు స్ట్రోకులు.

ఇక లెక్కలోకి వెళితే మొదట గుర్తుంచుకోవాల్సింది, హ్యాండీక్యాప్ అంటే సగటు స్కోరు కాదన్నది. ఆటగాడి ఇటీవలి 20 రౌండ్లలో మేలైన 8 మాత్రమే తీసుకుని, వాటిలో స్క్రాచ్ స్థాయి కంటే ఎంత ఎక్కువ ఆడాడో సగటు కడతారు. మిగతా 12 ఎంత ఘోరంగా ఉన్నా లెక్కలోకి రావు. కాబట్టి ‘నా హ్యాండీక్యాప్ 20’ అన్నవాడు తాను రోజూ ఆడే ఆటను చెప్పడం లేదు. తన చేతనైన ఆట ఏ స్థాయిదో చెబుతున్నాడు. ఎనిమిది మేలైన రౌండ్ల సగటును దాటాలంటే ఆ ఎనిమిదిలోనూ పై సగంలో పడే ఆట ఆడాలి. అంటే ఇరవైలో నాలుగు సార్లకు అటూ ఇటూ. మిగతా రోజుల్లో తన అంకె కంటే ఎక్కువే ఆడతాడు. దాతృత్వంతో ఇచ్చేదే అయితే సగటునో, అంతకంటే ఉదారమైన అంకెనో తీసుకునేవారు. ‘నీవు బాగా ఆడిన రోజున ఎంత ఆడగలవో దాన్నిబట్టే స్ట్రోకులు ఇస్తాం, ఆ స్థాయిలో ఆడితేనే గెలుస్తావు’ అని ఈ పద్ధతి షరతు పెడుతోంది.

రెండో చిక్కు కోర్సులది. ఒక చోట 90 కొట్టడం తేలిక, ఇంకో చోట గగనం. అందుకే ప్రతి కోర్సుకూ రెండు అంకెలు ఉంటాయి. స్క్రాచ్ ఆటగాడు అక్కడ మామూలుగా ఎంత ఆడతాడో చెప్పేది కోర్స్ రేటింగ్. కోర్సు కష్టమయ్యేకొద్దీ సామాన్య ఆటగాడు స్క్రాచ్ ఆటగాడి కంటే ఎంత వేగంగా వెనకబడతాడో చెప్పేది స్లోప్ రేటింగ్. దీనికి నేల వాలుతో సంబంధం లేదు, 55 నుంచి 155 దాకా ఉండే ఒక అంకె, మధ్యస్థం 113. దీన్ని తీర్చిదిద్దడంలో ముఖ్యుడు డీన్ నూత్ అనే అమెరికా నౌకాదళ అధికారి. ఆలోచన సూటిదే. 180 గజాలు దాటాల్సిన నీటి గుంట 250 గజాలు కొట్టేవాడికి లెక్కలోకే రాదు, 170 కొట్టేవాణ్ని ముంచుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. పార్ 72, కోర్స్ రేటింగ్ 71.2, స్లోప్ 130 ఉన్న కోర్సులో ఇద్దరు ఆడుతున్నారు. ఒకరి హ్యాండీక్యాప్ ఇండెక్స్, అంటే పైన చెప్పిన సగటుతో వచ్చిన అంకె, 6.0, ఇంకొకరిది 20.0. ఇండెక్స్‌ను స్లోప్‌తో హెచ్చించి, 113తో భాగించి, రేటింగ్‌కూ పార్‌కూ ఉన్న తేడా కలిపితే ఆ రోజు మొదటివారికి 6, రెండోవారికి 22 స్ట్రోకులు వస్తాయి. తేడా 16. అదే జంట పార్, రేటింగ్ అవే ఉండి స్లోప్ 105 ఉన్న తేలికపాటి కోర్సుకు వెళితే ఆ అంకెలు 5, 18 అవుతాయి. తేడా 13కు తగ్గుతుంది. మనుషులు మారలేదు, నేల మారింది, అందుకు తగ్గట్టు సర్దుబాటూ మారింది.

ఈ స్ట్రోకులు ఆటలో ఎక్కడ పడతాయన్నదీ ఇష్టారాజ్యం కాదు. స్కోరు కార్డు మీద ప్రతి హోల్ పక్కన 1 నుంచి 18 దాకా స్ట్రోక్ ఇండెక్స్ అచ్చువేసి ఉంటుంది. స్ట్రోకులు ఏ వరసలో పంచాలో చెప్పేది అదే. ఒకటో నంబరు సాధారణంగా కష్టమైన హోల్స్‌లో ఒకదానికి దక్కుతుంది. ముఖాముఖి మ్యాచ్‌లో 16 స్ట్రోకులు పుచ్చుకునేవాడికి ఒకటి నుంచి పదహారు నంబర్లున్న హోల్స్‌లో ఒక్కొక్కటి చొప్పున వస్తాయి, మిగిలిన రెండింటిలో ఏమీ రాదు. మూడో నంబరు హోల్, పార్ నాలుగు అనుకుందాం. బలమైన ఆటగాడు నాలుగులో ముగించాడు, బలహీనుడు ఐదులో. ఒకటి తీసేస్తే ఇద్దరూ సమానం, హోల్ ఎవరిదీ కాదు. బలహీనుడు ఏ చెట్ల చాటు నుంచో అద్భుతంగా చిప్ చేసి నాలుగులో ముగిస్తే హోల్ అతనిదే. మన పిల్లల ఆటల్లో చిన్నవాణ్ని ఏడిపించకుండా చేర్చుకుని, వాడు ఔటైనా లెక్కచేయకుండా వదిలేస్తాం కదా, ఆ ‘ఆటలో అరటిపండు’కు ఇది సరిగ్గా వ్యతిరేకం. అరటిపండు ఆడతాడు గాని వాడి గెలుపోటములకు విలువ లేదు. హ్యాండీక్యాప్ పుచ్చుకున్నవాడి ప్రతి స్ట్రోకూ లెక్కే, వాడి గెలుపు గెలుపే, ఓటమి ఓటమే.

దీనిమీద గట్టి అభ్యంతరం ఒకటుంది. ప్రతిభను కిందికి లాగి సమానత్వం తేవడం న్యాయమా? అమెరికన్ రచయిత కర్ట్ వానెగట్ 1961లో రాసిన ‘హారిసన్ బెర్జరాన్’ కథ ఈ భయానికే రూపం. అందులో ప్రభుత్వం బలవంతుల మీద బరువులు వేలాడదీస్తుంది, తెలివైనవాళ్ల చెవుల్లో రొద పెట్టి ఆలోచన చెదరగొడుతుంది. ఆ పని చూసే అధికారి పదవి పేరులోనే హ్యాండీక్యాప్ ఉంది. ఆ కథ గోల్ఫ్‌కు సంబంధించిన కేసులోనే అమెరికా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. కుడికాలి జబ్బుతో కోర్సంతా నడవలేని కేసీ మార్టిన్ అనే ప్రొఫెషనల్ పోటీల్లో కార్టు వాడుకోనివ్వమని కోరాడు. 2001లో ఏడుగురు న్యాయమూర్తులు అతని పక్షాన, ఇద్దరు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. వ్యతిరేకించినవారిలో ఒకరైన జస్టిస్ స్కాలియా తన అభిప్రాయాన్ని వానెగట్ కథ ప్రస్తావనతోనే ముగించారు. మెజారిటీ తీర్పు మాత్రం గోల్ఫ్ సారం బంతిని కొట్టడంలో ఉంది, నడకలో కాదు అంది. ఆ కేసు వైకల్యం గురించి, మనం చెప్పుకుంటున్న హ్యాండీక్యాప్ గురించి కాదు. కానీ అది చూపిన గీటురాయి ఇక్కడా పనికొస్తుంది: సర్దుబాటు ఆట సారాన్ని తాకుతోందా? గుర్రం మీద సీసం పెడితే గుర్రం పరుగే మందగిస్తుంది. గోల్ఫ్‌లో మేటి ఆటగాడి క్లబ్బుకు ఎవరూ బరువు కట్టరు, అతని బంతిని ఎవరూ ఆపరు. అతను కొట్టిన 79 కార్డు మీద 79గానే నిలుస్తుంది. సర్దుబాటు జరిగేది పోల్చే దశలో మాత్రమే. అసలు కొట్టిన గ్రాస్ స్కోరు, స్ట్రోకులు తీసేశాక మిగిలే నెట్ స్కోరు రెండూ పక్కపక్కనే ఉంటాయి, చాలా క్లబ్బు పోటీల్లో రెండింటికీ వేర్వేరు బహుమతులుంటాయి. ఎవరు గొప్ప ఆటగాడన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన ప్రొఫెషనల్ టోర్నీల్లో హ్యాండీక్యాప్ ఉండనే ఉండదు. ఈ రోజు ఎవరు తమ శక్తి మేరకు బాగా ఆడారన్న ప్రశ్నకే అది జవాబు.

రెండో అభ్యంతరం మోసం. కావాలని చెత్తగా ఆడి అంకె పెంచుకుని, బహుమతి ఉన్న రోజున విజృంభించేవాళ్లు ఉంటారు. అలాంటివాణ్ని శాండ్‌బ్యాగర్ అంటారు, క్లబ్బుల్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఈ బెడద నిజమే. అయితే ఈ పద్ధతిని దాన్ని ఎరిగే కట్టారు. మేలైన ఎనిమిదే తీసుకోవడం వల్ల నాలుగైదు చెడ్డ రౌండ్లు నటిస్తే అంకె పెద్దగా కదలదు. ఒక్కో హోల్‌లో లెక్కకు వచ్చే స్కోరుకూ హద్దుంది: పార్, దానిపై రెండు, ఆ హోల్‌లో వచ్చే స్ట్రోకులు కలిపి. పైన చెప్పిన 22 స్ట్రోకుల ఆటగాడికి మూడో నంబరు హోల్‌లో రెండు స్ట్రోకులు వస్తాయి కాబట్టి, రెండు బంతులు నీళ్లలో వేసి 11 కొట్టినా హ్యాండీక్యాప్ లెక్కలో అది 8 మాత్రమే. ఏడాదిలో నమోదైన అతి తక్కువ ఇండెక్స్ కంటే 3.0 దాటి పెరిగితే ఆపై పెరుగుదలలో సగమే ఇస్తారు, 5.0 దాటి పెరగనివ్వరు. ఒక రౌండు ఉన్న ఇండెక్స్ కంటే 7 స్ట్రోకులు మెరుగ్గా వస్తే వెంటనే ఒకటి, 10 మెరుగైతే రెండు కోస్తారు. ఇంత చేసినా స్కోరు రాసేది ఆటగాళ్లే, చూసేది తోటివాళ్లే. లెక్కకు నమ్మకం పునాది అన్నది దాచలేం. కానీ మోసం చేయగలరు కాబట్టి కొలతే వద్దంటే మిగిలేది మొదటి టీ దగ్గర పాత బేరమే, అందులో మోసానికి చోటు ఇంకా ఎక్కువ.

మూడో ప్రశ్న కొంచెం సూక్ష్మం. ఈ లెక్క నిజంగా సమం చేస్తుందా? పూర్తిగా కాదు. బలహీనుడి ఆటలో హెచ్చుతగ్గులు ఎక్కువ. స్థిరంగా ఆడే మేటి ఆటగాడు తన అంకెకు దగ్గరలోనే ఉంటాడు, రెండోవాడు ఒకరోజు 110, ఒకరోజు 90. అందువల్ల ఇద్దరే తలపడితే మొగ్గు కాస్త మేటివాడి వైపు ఉంటుంది. వందమంది ఆడే పోటీలో లెక్క తలకిందులవుతుంది. అంతమందిలో ఎవరో ఒక బలహీన ఆటగాడికి ఆ రోజు కలిసి రాకమానదు, అతని నెట్ స్కోరు అందరినీ దాటిపోతుంది. అందుకే మొత్తం స్ట్రోకులు లెక్కించే వ్యక్తిగత స్ట్రోక్ ప్లే పోటీల్లో హ్యాండీక్యాప్‌లో 95 శాతమే ఇవ్వాలని సిఫారసు, ముఖాముఖి మ్యాచ్‌లో నూరు శాతం. మన ఉదాహరణలో ఒకరు 79, మరొకరు 94 కొట్టారనుకోండి. పూర్తి హ్యాండీక్యాప్‌తో 73, 72. బలహీనుడు గెలిచాడు. 95 శాతం లెక్కలో ఒకరికి 6, ఇంకొకరికి 21 స్ట్రోకులే దక్కి ఇద్దరూ 73 దగ్గర ఆగుతారు. ఆ అయిదు శాతమే ఒక స్ట్రోకు, ఆ స్ట్రోకే ఒక కప్పు. నిర్దోషమైన సమానత్వం ఇవ్వలేకపోవడం లోపమే గాని, ఆ లోపం ఎటు మొగ్గుతుందో తెలిసి, పోటీ రకాన్ని బట్టి దిద్దుకునే పద్ధతిని పక్షపాతం అనలేం.

నాలుగో విమర్శకు జవాబు లేదు, ఒప్పుకోవాల్సిందే. గోల్ఫ్ ఖరీదైన ఆట. ఎకరాల కొద్దీ పచ్చిక, వాటికి నీళ్లు, సభ్యత్వ రుసుములు, ఇవన్నీ దాటి లోపలికి వచ్చినవాళ్ల మధ్యే ఈ న్యాయం. పైగా అదే అంకె గేటు కూడా అవుతుంది: సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు లాంటి పేరున్న చోట్ల హ్యాండీక్యాప్ రుజువు చూపనిదే ఆడనివ్వరు. అయితే లోపలికి వచ్చాక అది చేసే మేలు చిన్నది కాదు. టీలకు పురుషులకు వేరుగా, మహిళలకు వేరుగా రేటింగ్ ఉండటం వల్ల 70 ఏళ్ల తాతయ్య, కాలేజీ చదివే మనవరాలు, ఆమె తండ్రి ఒకే రోజు ఒకే కోర్సులో ఒకే కప్పు కోసం నిజంగా పోటీపడొచ్చు. వయసు, లింగం, శరీర బలం ఇంతగా తేడాలున్నవాళ్లను వేర్వేరు గుంపులుగా విడగొట్టకుండా కలిపి ఆడించే ఆటలు చాలా తక్కువ.

ఇదంతా విన్నాక సమాజంలోని పోటీలకు ఈ లెక్కను అలాగే అతికించాలన్న ఉబలాటం పుడుతుంది. రిజర్వేషన్లను సమర్థించేవారు, వ్యతిరేకించేవారు ఇద్దరూ దీన్ని ఉదాహరణగా వాడుకోవచ్చు. తొందరపడకూడదు. హ్యాండీక్యాప్ ఎప్పుడూ కారణం అడగదు. మోకాలు నొప్పి వల్ల 20 అయినా, సాధనకు తీరిక లేక 20 అయినా, మొదటినుంచీ అందుబాటులో కోచ్ లేక 20 అయినా దానికి ఒక్కటే. ఫలితాన్ని మాత్రమే కొలుస్తుంది, చరిత్రను కొలవదు. జీవితంలో న్యాయం మాట్లాడాలంటే కారణం అడగక తప్పదు, అక్కడ కొలతలు ఇంత నికరంగా దొరకవు కూడా. అందుకని గోల్ఫ్ నుంచి సిద్ధాంతాన్ని కాకుండా మూడు అలవాట్లు మాత్రం తీసుకోవచ్చు. తేడా ఉందని బహిరంగంగా ఒప్పుకోవడం, దాన్ని అందరికీ తెలిసిన సూత్రంతో కొలవడం, ఒకసారి కొలిచి వదిలేయకుండా కొత్త ఫలితం వచ్చిన ప్రతిసారీ సరిచూడటం. ఎవరైనా ‘నా హ్యాండీక్యాప్ 18’ అంటే అందులో ఈ మూడూ ఉన్నాయి. బాగా ఆడిన రోజున స్క్రాచ్ ఆటగాడి కంటే సుమారు 18 స్ట్రోకులు ఎక్కువ తీసుకుంటానని, ఆ సంగతి లెక్కతో సహా ఎవరైనా చూసుకోవచ్చని, వచ్చే నెలకు ఆ అంకె మారవచ్చని అతను చెబుతున్నాడు. అలాంటి అంకెతో మొదలైన పోటీలో బలవంతుడికి నిశ్చింత ఉండదు, బలహీనుడికి సాకు ఉండదు. సమ ఉజ్జీ అనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు.